పాట మట్టు ఎవరిది?

(బాలాంత్రపు రజనీకాంతరావుగారి స్మృత్యర్థము రాజమహేంద్రవరమున చేసిన స్మారకోపన్యాసపు పాఠము)



1920 జనవరి 29వ తేదీని నిడదవోలున జన్మించి, పిఠాపుర సంస్థానపు సాహిత్యవాతావరణమున పెరిగి, వేంకటపార్వతీశ్వరకవులలో నొకరైన తండ్రిగారినుండి కవితాసంస్కారమును వారసత్వముగా పొంది, 1941లో మద్రాసు ఆకాశవాణిలో ప్రవేశించి, తొంబదెనిమిదేండ్ల నిండుజీవితమును మాటకును పాటకును సమముగా పంచియిచ్చి, 2018 ఏప్రిల్ 22న కన్నుమూసిన రజనీకాంతరావుగారిని తలచుకొనుటకు ఈ యూరికంటె తగిన తావు వేరొకటి లేదు. ఏలయనగా ఆయన పుట్టిన యూరికిని మనము కూర్చున్న ఈ మందిరమునకును నడుమనున్నవి ఒక గోదావరియు, కొన్ని క్రోసుల వరిచేలును మాత్రమే. స్వాతంత్ర్యము వచ్చిన అర్ధరాత్రి మద్రాసు ఆకాశవాణినుండి తెలుగువారు విన్న జయగీతము ఆయనది. విజయవాడ కేంద్రమునుండి వచ్చు భక్తిరంజని విని నిద్రలేచిన మా తరమువారి చెవులు చాలవరకు ఆయన తీర్చినవి. ఆ చెవులతోనే ఈ సాయంకాలము మీతో నాలుగు మాటలు చెప్పుకొందును.

నేనెన్నుకొన్న ప్రశ్న పెండ్లిపందిళ్లలోను, రైలుపెట్టెలలోను, కాఫీ హోటళ్లలోను నిత్యము వినబడునదే: ఈకాలపు పాటకు సొంతదనము పోయినదా? అడుగువారు తరచుగా సమాధానమును ముందే మనస్సున నుంచుకొని అడుగుదురు. పోయినదను సమాధానమే మొదట నాదియును. ఈ యుపన్యాసము చేయుమని పెద్దలు కోరిన దినమున ఒక తెల్లకాగితము తీసికొని, ఏ పాట ఎచ్చటనుండి వచ్చినదో, ఏది దేనికి నకలో, వరుసగా వ్రాయ మొదలిడితిని. రెండవ పుట నిండకమునుపే కలము ఆగినది. నేను వ్రాసికొన్న పేళ్లలో సగము నా బాల్యమునాటి పాటలవి. సొంతదనమునకు సాక్ష్యములుగా నేనింతకాలము మనస్సున దాచుకొన్నవి అవియే.

అప్పుడు రజనిగారి ఆంధ్రవాగ్గేయకారచరిత్రమును మరల తెరచితిని. 1958లో వెలువడి, 1961లో సాహిత్య అకాడమీ పురస్కారమునందిన ఆ గ్రంథమునకు పేరులోనే మూలసూత్రమున్నది. వాగ్గేయకారుడనగా మాటను, పాటను రెంటిని తానే కట్టువాడు. మాటకు మాతువనియు, పాటకు ధాతువనియు శాస్త్రము పేళ్లు పెట్టినది. పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువునందు సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు, ఈ రెంటియందును సమర్థుడైనవానికి పెద్దపీట వేసి, అచ్చటనుండి మెట్లు దిగుచు దిగుచు, పరుల ధాతువును గైకొని దానికి తన మాతువును అమర్చువానిని సైతము విడువక, వానికి కుట్టికారుడని నామకరణము చేసెను. ఎనిమిదివందల యేండ్లక్రిందట ఒక శాస్త్రకారుడు ఒక పనివానికి లక్షణము చెప్పవలసివచ్చినదనగా, అట్టి పనివాండ్రు అప్పటికే ఊరూర నుండవలెను. శార్ఙ్గదేవుడు వానిని క్రింది మెట్టున కూర్చుండబెట్టెనే కాని పంక్తినుండి లేపివేయలేదు. ఈ కుట్టికారుని వెంటబెట్టుకొని నేను మన గోదావరిజిల్లాల పాట చరిత్రలోనికి పోగా, ప్రతి వీధిమలుపునను అతనికి తెలిసినవారే ఎదురైరి.

మా అమ్మమ్మగారిది కోనసీమ. ఆమెకు ఒక పాటల నోటుపుస్తకముండెడిది. అట్ట చిరిగి, మూలలు మడతపడి, పసుపుచేతుల మరకలతో నిండియుండెడిది. పెండ్లిపాటలు, తలుపుదగ్గరి పాటలు, అప్పగింతలు, మంగళహారతులు అన్నియు అందు కలవు. ప్రతి పాటకును శిరస్సున, పేరుకంటె ముందుగా, 'ఫలానా పాట మట్టు' అని, అనగా ఆ పాట బాణీలో పాడవలెనని, ఆమె గుండ్రని దస్తూరితో వ్రాసియుండును. ఒకచోట త్యాగయ్యగారి కీర్తన, ఒకచోట నాటకములోని పాట, ఇంకొకచోట అప్పటికి క్రొత్తగా వచ్చిన సినిమాపాట. లక్ష్మీదేవి హారతికి నాయికానాయకుల యుగళగీతము మట్టు కావచ్చును; ఆమెకు అందులో అపచారమేమియు తోచలేదు. పాతకాలపు అచ్చుపుస్తకములును, భజనకీర్తనల చిన్నపొత్తములును ఇట్లే ఉండెడివి. మట్టు అప్పు తెచ్చికొన్నదని దాచుకొనుటకు మారుగా, ఆ యప్పును మొట్టమొదటి పంక్తిలోనే చెప్పుట అప్పటి మర్యాద. చెప్పనియెడల పాడువారికి పాట తెలియదు కూడ. స్వరలిపి రాని ఇల్లాండ్రకు ఆ యొక్క పంక్తియే స్వరలిపి.

ఇక నాటకము. ఈ రాజమహేంద్రవరమునకు 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము వచ్చి ఆడి వెళ్లినపిదప, వారు విడిచిన పాకలోనే వీరేశలింగముపంతులుగారు తమ విద్యార్థులచేత నాటకములాడించిరి. పాక యొక్కటియే కాదు, ఆ సమాజములును, వాని వెనుక పారశీ కంపెనీలును తెచ్చిన మట్లును ఇచ్చటనే నిలిచిపోయినవి. హిందూస్థానీ గజళ్ల నడకలు, మరాఠీ నాట్యసంగీతపు తానములు, మన పౌరాణికపాత్రల నోళ్లలో పదియేండ్లు తిరుగునప్పటికి తెలుగు నాటకపుపాటగా మారిపోయినవి. వానికి ప్రాణముపోసిన హార్మోనియము సైతము ఐరోపానుండి వచ్చినదే. పరాయివాద్యమనియు, శ్రుతిశుద్ధి లేనిదనియు దానిని ఆకాశవాణివారు 1940లో వెలివేసి మూడు దశాబ్దులు లోనికి రానీయలేదు. ఆ మూడు దశాబ్దులును మన పల్లెలలో రాత్రి తెల్లవార్లును నాటకము దానిమీదనే నడచినది. వెలివేసినవారిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. పరాయిదియేదో, మనదియేదో నిర్ణయించుట ఎంతటి రసజ్ఞులకును కష్టమని మాత్రము చెప్పుచున్నాను.

శాస్త్రీయసంగీతమునకును ఈ విషయమున మినహాయింపు లేదు. ముత్తుస్వామి దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండుమేళములలో వినిన స్వరములకు సంస్కృత సాహిత్యము కూర్చి సుమారు నలుబది నోట్టుస్వరములు కట్టిరి. అందొకటి ఇంగ్లండు రాజగీతపు మట్టుననే నడచును. అన్నమాచార్యులవారి సంకీర్తనలు 1922లో రాగిరేకులపై బయటపడినప్పుడు రాగముల పేళ్లు కలవు కాని స్వరములు లేవు. ఐదువందల యేండ్లనాటివని మనము కన్నులు మూసికొని వినుచున్న బాణీలలో ఎన్నియో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలుకొని పిఠాపురము దరి కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారి వరకు మన కాలపు పెద్దలు కట్టినవి. అవి కట్టినవారికి చేతులెత్తి మ్రొక్కుదును. ప్రాచీనతయు సొంతదనమును ఒకటి కావని తెలియుటకు మాత్రము ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇప్పుడు రజనిగారి పాటనే ఒకదానిని గైకొందము. బి.ఎన్. రెడ్డిగారి స్వర్గసీమ 1945లో వచ్చినది. అందు భానుమతిగారు పాడిన పావురపుపాట తెలుగుదేశమును ఒక్క ఊపు ఊపినది; ఆమె పేరు ఇంటింట వినబడుటకు ఆ పాటయే ప్రధానకారణము. బ్లడ్ అండ్ శాండ్ అను హాలీవుడ్ చిత్రమున వినిన ఒక స్పానిష్ గీతపు కూనిరాగము తన్ను వెంటాడినదనియు, దానినుండియే ఆ పాట మొలచినదనియు భానుమతిగారు చెప్పుకొనినది లోకవిదితము. నేటి లెక్క ప్రకారము ఇది నకలు. సెల్‌ఫోనులో రెండు పాటలను ప్రక్కప్రక్కన పెట్టి, ఇదిగో దొంగ యని చూపు పిల్లలకు ఇది మంచి వేటయే. కాని రజనిగారు ఆ కూనిరాగమును ఏమి చేసిరో వినుడు. పావురమును సంబోధించు ఆ యొక్క మాటలో మొదటను చివరను గురువులు, నడుమ రెండు లఘువులు. మొదటి గురువుపై స్వరము కూర్చుండి, లఘువులపై రెక్కలాడించి, చివరి గురువుపై ఎగిరిపోవును. ఆ యెగురుట స్పానిష్ పాటలోనిది కాదు, తెలుగుమాట పుట్టుకతోనే తెచ్చికొన్న నడక. పరదేశపు రాగచ్ఛాయ ఒక దీపమువలె దూరమున వెలిగినది. నడచిన దారి మాత్రము మనది. ఆ పాట విని మురిసిన ఏలూరువారికిని, కాకినాడవారికిని స్పెయిను దేశపు వాసన ఎచ్చటను తగిలియుండదు.

ఇచ్చిపుచ్చుకొనుట రెండువైపులను జరిగినదని కూడ చెప్పవలెను. కాకినాడ నాటకరంగమునుండి వెళ్లిన ఆదినారాయణరావుగారు, తమ సతియు పెద్దాపురపు ఆడపడుచును అయిన అంజలీదేవిగారు నాయికగా 1957లో తీసిన సువర్ణసుందరిలో సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగములను మాలగా గ్రుచ్చి ఒక యుగళగీతమును కట్టిరి. అది హిందీరూపమున లతామంగేష్కరు, మహమ్మదు రఫీల గొంతులలో ఉత్తరదేశమంతయు మారుమ్రోగినది. హిందూస్థానీ రాగములను మనము తెచ్చికొని, మాలగా కట్టి, మరల వారికే ఇచ్చితిమి. మిస్సమ్మకు సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన బృందావనపు పాట, హేమంతకుమారుగారు సంగీతదర్శకులుగా నుండిన హిందీ మిస్ మేరీలోనికి మట్టు మారకుండ వెళ్లెను. రాజేశ్వరరావుగారి సొంతదనము దీనివలన తరిగినదా? హేమంతకుమారుగారి గౌరవము తగ్గినదా? నాకట్లు తోచదు.

అట్లయిన సొంతదనము ఎచ్చట నుండును? ఇచ్చట కొంచెము నిలువవలయును. తెలుగుమాట అజంతము, అచ్చుతో ముగియును కనుక చివర తెగదు, సాగును. హిందీమాట తరచుగా హల్లుతో ముగిసి తటాలున తెగిపోవును. హిందీ మట్టునందు తెలుగుమాటను కూర్చుండబెట్టినప్పుడు, ఆ చివరి అచ్చు తనకొక చోటు కావలెనని అడుగును. మంచి కుట్టికారుడు ఆ చోటునందే ఒక గమకమును ఉంచును, ఒక చిన్న జారుడు పెట్టును, ఒక విరామమును పొడిగించును. ఇట్లు పల్లవి ముగియునప్పటికి అప్పు తెచ్చిన బట్ట ఇంటివారి ఒంటికి సరిపడునట్లు కుట్టబడును. కుట్టికారుడను మాటకు శాస్త్రార్థమేమైనను, నా చెవికి అది మన దర్జీని తలపించును. మన పాతపాటలలో మనము ప్రేమించినది ఈ కుట్టుపనినే. మట్టు ఎచ్చటిదో మనకు అక్కరలేకపోయినది, అందు మన మాట ఇబ్బందిపడక నడచినది గనుక.

దీనికి గోదావరిమీదనే ఒక గొప్ప నిదర్శనమున్నది. ఈ యూరివారైన ఆదుర్తి సుబ్బారావుగారు 1964లో గోదావరి నేపథ్యమున మూగమనసులు తీసిరి. పడవవాని కథ. సంగీతము కె.వి. మహదేవన్‌గారిది; వారికి తెలుగు మాతృభాష కాదు. ఐనను ఆయన పద్ధతి ఏమనగా, ముందు కవి పాట వ్రాసి ఇయ్యవలెను, పిదపనే బాణీ. మాటను పలుమారులు చదివించుకొని, దాని ఊపిరి ఎచ్చట పడుచున్నదో విని, అచ్చట తాళము వేసెడివారు. అందుచేతనే తమిళసీమనుండి వచ్చిన ఆ మహనీయుడు కట్టిన పాటలు, గడవేయుచు పడవ నడుపు మన సరంగు పాడుకొనదగిన పాటలైనవి. పదునారేండ్ల తరువాత శంకరాభరణమునకు సంగీతమును కూర్చి, శాస్త్రీయరాగములను రిక్షావాని నోటికెక్కించినది ఆయనయే. సొంతదనమునకు జన్మభూమి ప్రమాణము కాదని, మాట వినిపించుకొను చెవియే ప్రమాణమని నాకు మొదట నేర్పినవి ఆయన పాటలు.

ఇంతవరకు పాతకాలపు పక్షమున అప్పుపత్రములు చూపితిని. ఇప్పుడు నేటికాలమును గూర్చి నా నిజమైన బాధను చెప్పెదను. నేడు బాణీ ముందు పుట్టుచున్నది. కవికి సెల్‌ఫోనులో తాళము, తననాలు పంపుదురు. ఆయన ఆ ఖాళీలలో అక్షరములు నింపును. ఇదియు క్రొత్త గాదు, పాతకాలమునను ఉండెను. కాని నాడు కవియు, సంగీతదర్శకుడును ఒకే హార్మోనియమునకు ఇరువైపుల కూర్చుండి, ఒకరు ఒక మాత్ర తగ్గించుకొనగా వేరొకరు ఒక స్వరము జరుపుకొనెడివారు. నేడు ఆ బేరము తరచుగా జరుగుటలేదు. మాట మట్టునకు లొంగుచున్నది. తెలుగు చదువరాని గాయకుడు తన లిపిలో వ్రాసికొని పాడినప్పుడు ళకారము లకారమగును, ణకారము నకారమగును, ఒత్తులు పోవును, హ్రస్వము దీర్ఘమగును. దానిని తప్పని చెప్పువారు లేక, కొన్నాళ్లకు అదియే ఒప్పగుచున్నది. పాటలో తెలుగు ఉన్నది. తెలుగు నడక లేదు. సొంతదనము పోయినదని జనులు అనునప్పుడు వారి చెవికి తగిలిన ముల్లు ఇదియేనని నా నమ్మకము, పేరు మాత్రము వారు వేరుగా పెట్టుచున్నారు.

యంత్రముల సంగతియు కొంత చెప్పవలసియున్నది. 2012లో బార్సిలోనా పరిశోధకులు 1955 మొదలు 2010 వరకు వెలువడిన పాశ్చాత్య జనప్రియసంగీతపు రికార్డులు నాలుగులక్షల అరువదినాలుగువేలకు పైగా గణకయంత్రములచేత పరీక్షింపజేసి, స్వరమునుండి స్వరమునకు పోవు మార్గములు పరిమితములగుచున్నవనియు, వాద్యధ్వనుల వన్నెలు ఒకేతీరునకు వచ్చుచున్నవనియు, రికార్డులు కాలక్రమమున బిగ్గరయగుచున్నవనియు తేల్చిరి. అది వారి సంగీతమును గూర్చిన లెక్క. మన పాటను అట్లు లెక్కించినచో ఏమి తేలునో నేను ఊహించి చెప్పరాదు. చెవికి తెలిసినది మాత్రము చెప్పుదును. పూర్వము వాద్యబృందమును, గాయకులును ఒకే గదిలో కూర్చుండి ఒక్కమారుగా రికార్డు చేసెడివారు. వీణ వాయించువాడు గాయని ఊపిరి విని తన మీటు ఆపుకొనెడివాడు. నేడు తాళము సిద్ధపరచిన తునకలుగా దొరకును. ఒకే తునక పది పాటల క్రింద పరచబడును. గాయని ఒకనాడు, గాయకుడు వేరొకనాడు, ఒకరి ముఖము నొకరు చూడకయే యుగళగీతము పాడి వెళ్లుదురు. 1997లో వచ్చిన ఆటోట్యూన్ అను శ్రుతి సరిదిద్దు పనిముట్టు, గమకమునకును అపశ్రుతికిని భేదమెరుగని చేతులలో పడి, రెంటిని కలిపి ఇస్త్రీ చేయుచున్నది. ఈ పనిముట్లను నేను ద్వేషింపను. హార్మోనియమును ద్వేషించినవారి చరిత్ర ఇందాకనే చెప్పితిని.

ఇట్టి కాలముననే మన యేటి ఆవలిగట్టున కొవ్వూరులో పుట్టిన కీరవాణిగారు కట్టిన నాటుపాట 2023 మార్చిలో ఆస్కారు పురస్కారమును పొందినది. ఆ పురస్కారపు పేరు గమనింపుడు: ఉత్తమ మౌలికగీతము. అచ్చట మౌలికమనగా ఒక చిత్రముకొరకే ప్రత్యేకముగా రచింపబడినదని వారి నియమము. ఇంతకుమున్నెన్నడును లోకమున లేని ధ్వని అని కాదు. నిజమునకు ఆ పాట బలమంతయు మన పల్లెజాతరల డప్పులలో తరతరములుగా మ్రోగుచున్న తిస్రపు నడకలో నున్నది; మాటలును మిరపతొక్కువలె, జొన్నరొట్టెవలె ఇంటివే. ప్రపంచము దానిని క్రొత్తదని మెచ్చినది. మన వీరభద్రుని సంబరములను, గరగల ఊరేగింపులను చూచినవారికి అది చిరపరిచితమైన అడుగుల చప్పుడు. కనుక నేటి సంగీతదర్శకులకు సొంతదనము లేదనుమాట నేనొప్పుకొనను. ఉన్నప్పుడు అది పాతకాలమునందువలెనే ఉన్నది: తెచ్చికొన్నదానిని తన నేలమీద నడిపించుటలో.

పోయినది మా అమ్మమ్మ నోటుపుస్తకములోని మొదటి పంక్తి. ఫలానా పాట మట్టు అను ఆ పంక్తిని నేడు వ్రాయువారు తగ్గిరి. ఊడ్పులలో ఒకామె ఎత్తుకొనగా వెనుక వరుసవారు అందుకొను పాట, పడవ త్రాటితో లాగువారి హైలెస్సా, పెండ్లివారింట దంపుడుపాట, ఇవి చిత్రములలోనికి వచ్చినప్పుడు సంగీతము, సాహిత్యము అను శీర్షికలక్రింద ఒక్కొక్క పేరు మాత్రము కనబడును. ఆ పాటను తన తల్లినుండి నేర్చి దాచియిచ్చిన ముసలమ్మ పేరుకాని, కనీసము ఆమె యూరి పేరుకాని కనబడుట అరుదు. 2021లో సారంగదరియ యను పాట వచ్చినప్పుడు, దానిని తన యింటి పెద్దలనుండి నేర్చి వెలుగులోనికి తెచ్చిన గాయని ఒకరు తనకు గుర్తింపు కలుగలేదని బాధపడుట, దానిపై పత్రికలలోను, టీవీలలోను వాదములు నడచుట మీరెరుగుదురు. ఆ తగవులో ధర్మనిర్ణయము చేయుట నా పని కాదు. కాని మట్టు పంక్తి అచ్చువేయు ఆచారము మనలో నిలిచియుండినచో, ఆ తగవు పుట్టకమునుపే తీరెడిది. పరుల ధాతువును గైకొన్నవానిని సైతము శార్ఙ్గదేవుడు పంక్తిలో ఉంచెను. 

వేరొక నష్టమును గూర్చి చెప్పి ముగింతును. నా మట్టునకు ఇదియే పెద్దది. కడియమున పుట్టిన చెళ్లపిళ్లవారును, ఎండగండిలో పుట్టిన దివాకర్లవారును కలిసి వ్రాసిన ఉద్యోగవిజయముల నాటకపద్యములకు వారు మట్టు కట్టలేదు. ఛందస్సు మాత్రము వారిది. కృష్ణపాత్రధారి ఒకరు మోహనలో ఎత్తుకొనగా మరునాటి రాత్రి ప్రక్కయూరిలో వేరొకరు కల్యాణిలో ఎత్తుకొనెడివారు. వన్స్‌మోర్ అని జనులు కేకవేసిరేని, అదే పద్యమును రెండవమారు కొంచెము మార్చి పాడుట నటునికి గౌరవము. అట్లు ఒక్క పద్యమునకు ఎన్ని గొంతులో అన్ని మట్లు. నేడు టీవీ పోటీలలో పసిపిల్లలు పాడుచుండగా చూచితిని. ఎంత చక్కని గొంతులు! న్యాయనిర్ణేతలు మూలములోనున్న ఆ చిన్న సంగతి పడలేదని మార్కు తగ్గించుచుండగా నా మనస్సు చివుక్కుమన్నది. ఆ మూలము ఒకనాడు ఒక గదిలో ఒక గాయకునికి ఆ క్షణమున తోచిన సంగతి. రికార్డు దానిని పట్టి ఉంచినది. మనము దానిని వేదమువలె చెప్పించుకొనుచున్నాము. పాట మన యింటికి నేడు పూర్తియై, మూతవేసి వచ్చుచున్నది. దానిని తెరచి మరల కుట్టు హక్కు మనకున్నదను సంగతియే మనము మరచుచున్నాము. ఊడ్పుల యంత్రము చేనిలోనికి వచ్చినది, కాలువలలో సరకుల పడవలు పోయినవి, పాటను మార్చి పాడు పని దొరకు చోట్లు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఇందు ఏ సంగీతదర్శకుని తప్పును లేదు.

క్రిందటి శ్రీరామనవమికి కోనసీమలో బంధువుల యూరికి పోయితిని. పందిరి ముందర ఆడవారి కోలాటము జరుగుచుండెను. అందరును ఒకే రంగు చీరలు, చేత రంగుకాగితములు చుట్టిన కోలలు. పాట చెప్పు ఆమె, నడివయసుది, మైకు ముందునకు వచ్చి, డోలకు వాయించు అబ్బాయితో ఒక సినిమా పేరు చెప్పి, 'ఆ పాట వరస, తమ్ముడూ' అన్నది. నేను ఉలిక్కిపడితిని, అది మా అమ్మమ్మ నోటుపుస్తకపు మొదటి పంక్తి. మట్టు మొన్నమొన్నటి హుషారుపాటది. మాటలు సీతారాముల కల్యాణమువి, ఆమె సొంతముగా కట్టినవి. రెండవ చరణమున సీత పందిటిలోనికి వచ్చు ఘట్టమున ఆమె మట్టును సగమునకు సగము నిదానింపజేసి, ఒక చిన్న మెలిక పెట్టి, మరల వేగమందుకొనెను; కోలలన్నియు ఆమెతోకూడ ఆగి, ఆమెతోకూడ కదలినవి. ఆట ముగిసినపిదప దగ్గరకు పోయి, ఆ మెలిక సినిమాపాటలో లేదు గదమ్మా అని అడిగితిని. చెమట తుడుచుకొనుచు ఆమె నవ్వి ఇట్లన్నది: "ఆయ్, లేదండి. సినిమాలో అక్కడ పరుగే కదండీ. మా సీతమ్మ పెళ్ళికూతురండి, అంత తొందరగా నడవదండి."